జాగా

చెంగిచెర్ల కబేళా నుంచి ప్రతి బుధవారం
స్టీలు క్యారియర్‌లో పిత్తం తెచ్చేవాడు యాసీన్ ఖురేషీ.
కింది మూడు గిన్నెల్లో బర్రెల పిత్తం,
పై గిన్నెలో ఆయన అన్నం.
"కలిసిపోదా చాచా?" అంటే
"నలభై ఏండ్ల సంది కలవలే మేడం" అనేవాడు.

పాచి పట్టిన సంపు రంగు.
పొద్దున వేలికి అంటితే
సాయంత్రం చాయ్ కప్పు దాకా వెంట వచ్చే చేదు.
క్షారంలో ఒక రాత్రీ ఒక పగలూ ఉడికించి,
ఆమ్లం చుక్కలు వేసి, కడిగి, మళ్ళీ కడిగి,
ఆల్కహాల్లో కరిగించి కిటికీ పక్కన పెడితే
తార్నాక ఎండలో, బీకరు అడుగున
తెల్లటి సూదులు మొలిచేవి.

ఒకసారి కరెంటు బిల్లు వెనక గీసి చూపించాను.
ఈ అణువుకి రెండు ముఖాలు చాచా,
ఒకటి నీళ్ళ వైపు, ఒకటి నూనె వైపు.
నీళ్ళ ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకుని గోడ కడతాయి,
నూనె ముఖాలు బయటికి తిరిగి నిలబడతాయి.
గోడకీ గోడకీ నడుమ సన్నటి సందు.
ఆ సందులోకి ఎవరో ఒకరు రావాలి.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"రాకుంటే?" అన్నాడు.
రాకుంటే గోడలు వేరేగా జరుగుతాయి,
అది వేరే ఇల్లు.
"అంటే, కిరాయికొచ్చినోడే ఇల్లు కడుతుండన్నట్టు."
నా థీసిస్‌లో ఈ వాక్యం లేదు.
ఉండాల్సింది.

బేగంబజార్ నుంచి కర్పూరం తెచ్చిందీ ఆయనే.
రెండు పొట్లాలు.
"ఒకటి మీ సీసాలకు.
ఒకటి మసీదుల ఇస్తా, ఎవరికన్న అక్కరకొస్తది."

బల్ల మీద మరిచిపోతే
వారానికి కాగితం మాత్రమే మిగిల్చే కర్పూరం
పిత్తపు సందులో చేరి ఆగిపోయింది.
ముడి లేదు, తాళం లేదు,
ఒక ఎలక్ట్రాను కూడా పంచుకోలేదు.
ఒదగడం, అంతే.
ఎక్స్‌రే కింద పెడితే గోడలన్నీ స్పష్టం,
లోపలి మనిషి మాత్రం మసక.
కుదురుగా కూర్చోడు,
ఇటు సగం, అటు సగం.
ఇక్కడే ఉన్నాడని రాస్తే లెక్క తప్పుతుంది.
లేడని రాస్తే ఇంకా ఎక్కువ తప్పుతుంది.
మూడు నెలలు ఆ మసకతో కుస్తీ పట్టాను.

మాఘమాసంలో ఒక బుధవారం క్యారియర్ రాలేదు.

బాపునగర్ గల్లీలో చెప్పులు దాటుకుంటూ వెళ్ళాను.
రెండు గదుల ఇల్లు, అరవై మంది.
ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని
నాకింత చాప చూపించారు.
పరదా వెనక నీళ్ళు పోస్తున్న చప్పుడు,
ఆ నీళ్ళలో కర్పూరం వాసన.
ఎవరిదా పొట్లం అని అడగలేదు.
అడగడానికి అది వేళ కాదు,
తర్వాత వేళ రాలేదు.

ల్యాబుకు తిరిగొచ్చి
పదకొండు నెలల కిందటి సీసా తీశాను.
నా చేతిరాతే: తేదీ, కర్పూరం, పిత్తం – యాసీన్.
తూచాను.
నాలుగో దశాంశం దాకా అదే బరువు.
మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఏ వాసనా లేదు.
ఎంత వేడికి వదిలేస్తుందో నాకు తెలుసు,
ఆ గ్రాఫు గోడ మీదే ఉంది,
గీత ఉన్నట్టుండి కిందికి దిగే చోట
పెన్సిలు చుక్క పెట్టిందీ నేనే.
పొయ్యి వెలిగించలేదు.

నెల తర్వాత చిన్న కొడుకు ముక్తార్ వచ్చాడు,
ప్లాస్టిక్ డబ్బాతో.
క్యారియర్ అమ్మ ఇయ్యలేదన్నాడు.
రేటెంత ఇచ్చేవారో అడిగాడు, చెప్పాను.
గుమ్మం దగ్గరే నిలబడి
"యాడ పెట్టాలె?" అన్నాడు.

బెంచీ మీద సీసాలు
అటు కొన్ని, ఇటు కొన్ని జరిపాను.